దురద బిళ్ల సాక్ష్యం

మా ఇంట్లో జబ్బు మనిషిని నేను. మా అక్కకి చదువు వచ్చింది, రంగు వచ్చింది, నడుము దాటిన జడ వచ్చింది, చర్చి కూడికల్లో మొదటి పాట ఎత్తుకునే గొంతు వచ్చింది. నాకు దద్దుర్లు వచ్చాయి. చిన్నప్పుడు రేపల్లెలో మా నాన్న రొయ్యలు తెచ్చిన ప్రతి ఆదివారం నా ఒళ్లు ఎర్రగా పొంగేది. మా అమ్మ వేపాకు నూరి వీపంతా పూస్తూ, "ఈ పిల్లతో వేగలేక చస్తున్నా" అనేది. ఆ విసుగులోనే నాకు కాస్త ముద్దు దక్కేది. ఆ పావుగంటసేపూ అక్క పెరట్లో ఒక్కతే గిన్నెలు తోముకునేది. నా బతుకులో అక్కని గెలిచిన పావుగంటలు అవే.

ఉన్నది కొంచెమే కాబట్టి దాన్ని కథలతో పెంచుకున్నాను. నా వీపు మీద లేచిన దద్దులు అచ్చం కృష్ణ పాయల్లా ఉన్నాయనీ, ఇరిగేషన్ ఇంజనీరు ఒకాయన వాటిని చూసి కొత్త కాలవ ఎటు తవ్వాలో కాగితం మీద గీసుకుపోయాడనీ బడిలో చెప్పాను. పెళ్లయి తెనాలి వచ్చాక, నేను గోక్కునే చప్పుడుకి పక్కింటి కుక్క తన పిల్లల్ని నోట కరుచుకుని వీధి మారిపోయిందని మా ఆయనతో చెప్పాను. ఆయన నమ్మలేదు. మా అక్క అయితే నేను నోరు తెరవగానే నవ్వడం మొదలుపెట్టేది. నా మాటల్లో నూటికి ఒకటి కూడా ఆమె నమ్మదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

పాతికేళ్లుగా రోజుకో చిన్న తెల్ల బిళ్ల మింగుతున్నాను. మా ఇంట్లో దాన్ని దురద బిళ్ల అంటాం. అది వేసుకోని రోజు సాయంత్రానికి నేను గోడకి వీపు రాసుకుంటూ ఉంటాను.

రెండేళ్ల కిందట అక్కకి రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. బడిపిల్లలకి పరిశుభ్రత పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆ గింజ సంగతి నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అది ఉసిరికాయంత అయింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు, తర్వాత కీమో మొదలుపెట్టారు. మా బావగారు బాపట్ల వ్యవసాయ కాలేజీలో గుమాస్తాగా చేశారు కాబట్టి వాళ్ల కాపురం అక్కడే. ఆపరేషన్ అయిన వారానికి నేను తెనాలిలో రైలెక్కి చూడటానికి వెళ్లాను.

గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటు లేదు. ఆమె దగ్గర చదువుకున్న వాళ్లు, కాలేజీ వాళ్లు, చర్చి వాళ్లు, ఎదురింటి సాయిబుగారి భార్య, ఆమె కోడళ్లు. బుట్టల నిండా దానిమ్మకాయలు. అక్క కిటికీ పక్కన రెండు దిండ్లకి ఆనుకుని కూర్చుంది. ఒక్కొక్కరే ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, "నువ్వెలా ఉన్నావమ్మా?" అంది. నేను సంబరంగా జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. "ఈ మధ్య మోచేతుల దగ్గర కూడా వస్తున్నాయండి" అని మొదలుపెట్టేలోపే ఆవిడ మళ్లీ అక్క వైపు తిరిగిపోయింది.

ఆ రోజు తిరుగు రైల్లో నాకు భయం వేసింది, ఏడుపూ వచ్చింది. వాటి కింద ఇంకొకటి కూడా గీరుతూ ఉంది. నలభై ఏళ్లు గోక్కున్నాను, ఒక్కరు ఒక దానిమ్మకాయ తెచ్చిన పాపాన పోలేదు. అన్నీ ఉన్న మనిషి, చివరికి జబ్బులో కూడా నన్ను మించిపోయింది.

అక్క కూతురు తెనాలి దగ్గర ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, నేను బిళ్ల మింగడం చూసింది.

"పిన్నీ, అదేం పని చేస్తుందో తెలుసా నీకు?"

"దురద తగ్గిస్తుంది. ఇంకేం చేస్తుందే?"

"నీ ఒంట్లో దురద పుట్టించేది హిస్టమిన్ అనే పదార్థం. అది మన కణాలే తయారుచేస్తాయి. దురద ఒక్కటే దాని పని కాదు. కడుపులో ఆసిడ్ ఊరడానికీ కావాలి, మెదడు మేలుకుని ఉండటానికీ కావాలి. రొమ్ము గడ్డల్లో కూడా అది కనిపించింది."

నేను గరిటె కింద పెట్టాను. "మీ అమ్మ గడ్డలోనా?"

"ఆమెదని కాదు, మామూలుగా చెప్తున్నా. కణం మీద హిస్టమిన్ వచ్చి తట్టే తలుపులు నాలుగు రకాలుంటాయి. ల్యాబుల్లో చూస్తే ఒక తలుపు తట్టినప్పుడు గడ్డ పెరగడానికి సాయం చేసింది, ఇంకో తలుపు తట్టినప్పుడు పెరగకుండా ఆపింది. ఎప్పుడు ఏది చేస్తుందో ఇంకా తేలలేదు."

"మరి నా బిళ్ల?"

"నీ బిళ్ల ఒక తలుపుకి అడ్డం నిలబడుతుంది. అంతే. దాంతో కేన్సర్ తగ్గుతుందని ఎవరూ తేల్చలేదు. చదువుతున్నారు, చూస్తున్నారు." ఆ పిల్ల నా మొహంలోకి పరీక్షగా చూసింది. "పిన్నీ, ఇది పట్టుకెళ్లి ఎక్కడా కథ అల్లకు."

"నేనెందుకు అల్లుతానే" అన్నాను. పప్పులో నెయ్యి వేస్తున్నానే గానీ లోపల ఉడికిపోతున్నాను. దద్దుర్లతో పాటు ఆ హిస్టమిన్ కూడా నాదే అనుకున్నాను. నా దగ్గర ఉన్నన్నాళ్లూ గోకించుకుని గతి లేకుండా పడుంది. అక్క దగ్గరికి వెళ్లేసరికి ల్యాబులకెక్కి, నాలుగు తలుపుల మేడ కట్టుకుంది.

మా స్త్రీల కూడిక నెలకోసారి శుక్రవారం రేపల్లెలో మా చిన్ననాటి చర్చి హాల్లో జరుగుతుంది. ఆ చర్చిని మేం గుడి అనే అంటాం. ఎక్కడెక్కడ కాపురాలున్నా ఆ చర్చి ఆడపిల్లలం ఆ రోజుకి చేరతాం. పాటలూ ప్రార్థనా అయ్యాక సాక్ష్యాలు. దేవుడు తమ బతుకులో చేసిన మేలు ఏదైనా లేచి నిలబడి చెప్పాలి. సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. చెబుతున్నప్పుడు ఎవరూ అడ్డు రారు, అయ్యాక ఎవరూ ప్రశ్న అడగరు, అందరూ కలిసి "స్తోత్రం" అంటారు. ఆ మాట పడిందంటే ముద్ర పడినట్టే. దాన్ని బయట కూడా ఎవరూ తప్పు పట్టరు, చెప్పిన మనిషి వెనక్కి తీసుకోదు. ఇంట్లో, వీధిలో, రైల్లో ఎన్ని కోతలు కోసినా నేను అక్కడ మాత్రం అప్పటిదాకా ఒక్క మాట కలపలేదు.

ఆ శుక్రవారానికి అక్కకి మూడు కీమోలయ్యాయి. తలకి నీలం స్కార్ఫు కట్టుకుని వచ్చింది. లేచి నిలబడి చాలా చిన్న గొంతుతో, నాలుగే మాటలు చెప్పింది. అన్నం రుచి తెలియడం లేదనీ, అయినా పొద్దున్నే కాఫీ వాసన తెలుస్తోందనీ, దానికే కృతజ్ఞత చెబుతున్నాననీ అంది. ఒక్కరి కళ్లూ పొడిగా లేవు. స్తోత్రం అన్నప్పుడు పైన రేకులు మోగాయి.

పాస్టరమ్మగారు, "ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అన్నారు.

నా కాళ్లు వాటంతటవే లేచాయి. ఇన్నేళ్లుగా బిళ్ల దొరుకుతున్నందుకు వందనాలు చెప్పి కూర్చోవాలనే లేచాను. లేచాక అందరి తడి కళ్లూ నా మీద పడ్డాయి. ఆ చూపులు నా మీద ఎన్నడూ పడలేదు. నోరు తన దారిన తను వెళ్లిపోయింది.

"కొల్లిపరలో మా ఆయన తరఫు చుట్టం ఒకామె ఉందండి. ఆమెకీ మా అక్కలాగే రొమ్ములో గడ్డ. నాలాగే దద్దుర్లు కూడా. ఆపరేషన్‌కి తారీఖు వేశారు. ఈలోగా దురదకని నా బిళ్లలు ఆమెకిచ్చాను. గడ్డని పెంచేది హిస్టమినే అండి, దాని తలుపులు ఈ బిళ్ల మూసేస్తుంది. తీరా ఆపరేషన్ రోజు డాక్టర్లు వెతికారు, వెతికారు. వేడి పాలల్లో బెల్లం ముక్క వేస్తే ఏమవుతుందండి? అలా కరిగిపోయింది."

స్తోత్రం పడింది. అక్కకి పడిన దానికంటే పెద్దగా పడింది, నేను చెవులారా విన్నాను. అక్క ముందు వరసలోంచి మెడ తిప్పి నన్నే చూస్తోంది. కుళ్లుకుంటోందనుకున్నాను. రైల్లో వేమూరు దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

మూడు వారాల తర్వాత పొద్దున్నే బావగారు ఫోన్ చేశారు. "అమ్మా, మీ అక్క నాలుగో కీమోకి రానంటోంది. పది రోజులు దాటిపోయింది. ఎందుకో చెప్పదు. ఇంకా జాప్యం చేస్తే చేసినదంతా వృథా అవుతుందని డాక్టరుగారు కేకలేశారు. నీ మాటేమైనా వింటుందేమో, ఒకసారి రా తల్లీ." మగవాళ్లకి మా కూడికలో ఏం జరిగిందీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. ఆ పూటే రైలెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క కిటికీ దగ్గర తూగుతూ కూర్చుంది. నన్ను చూసి తలుపు దగ్గరికి వెయ్యమంది. బైబిలు జిప్పు కవరులోంచి మూడు షీట్లు తీసి చూపించింది. నా దురద బిళ్లలే.

"రోజుకెన్ని వేసుకుంటున్నావ్?"

"మూడు పూటలా మూడు. నిద్ర ముంచుకొస్తోంది గానీ నోట్లో పూత తగ్గింది. కాళ్ల తిమ్మిర్లు కూడా తగ్గాయి."

"ఎవరు వేసుకోమన్నారే నిన్ను?"

"నువ్వే. గుడిలో చెప్పావుగా." గొంతు తగ్గించింది. "నాకు ముందే అనుమానం ఉందే. బాటిల్ ఎక్కించబోయే ముందు నర్సమ్మ ఒక సూది వేస్తుంది. ఏంటమ్మా ఇది అంటే, దురద రాకుండా అంది. మూడు సార్లూ ముందు అదే. అసలు మందు అదేనేమో, జుట్టూడగొట్టేదంతా ఊరికే ఎక్కిస్తున్నారేమో అనుకున్నా. నువ్వు చెప్పాక తేలిపోయింది."

మంచినీళ్లు తాగొస్తానని పెరట్లోకి వెళ్లి అక్క కూతురికి ఫోన్ చేశాను. సూది సంగతీ, నోటి పూత తగ్గిన సంగతీ అడిగాను.

"పిన్నీ, నువ్వు ఎవరికైనా ఏమన్నా చెప్పావా?"

"తర్వాత తిడుదువుగానీ. ఆ సూది ఎందుకో చెప్పు."

"కీమో మందు కొంతమంది ఒంటికి పడదు, దద్దుర్లొస్తాయి, ఆయాసమొస్తుంది. అలా కాకుండా ముందు జాగ్రత్తకి వేస్తారు. గోడకి రంగు వేసే ముందు కింద పాత దుప్పటి పరుస్తారు చూడు, అలాగన్నమాట. దుప్పటి పరిచినంత మాత్రాన గోడకి రంగు పడదు. నోటి పూత తగ్గిందీ అంటే, మందు పడక ఇన్ని రోజులైంది కాబట్టి తగ్గింది."

లోపలికి వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అక్కా, కొల్లిపరలో మాకు చుట్టాలెవరూ లేరు. గడ్డా లేదు, బెల్లమూ లేదు. నేనే కల్పించా."

అక్క నవ్వింది. "మీ బావ చెప్పమన్నాడా?"

"ఆయనకేం తెలుసు? నిజమే చెప్తున్నా."

"నీ సంగతి నాకు తెలీదా? నీ వీపు మీద కాలవ తవ్వించినప్పట్నుంచీ తెలుసు. బయట నువ్వు చెప్పేదంతా ఉత్తదే. కానీ అమ్మ పోయినప్పటి కూడికలో నువ్వు సాక్ష్యానికి లేచి, అమ్మని ఆస్పత్రిలో విసుక్కున్నానని చెప్పావు చూడు. అప్పుడే అనుకున్నా, ఇది గుడిలో అబద్ధమాడదని. అక్కడ చెప్పిందే నిజం. నా మీద జాలిపడి, ఆస్పత్రికి పంపాలని ఇప్పుడు ఆడేదే అబద్ధం."

జీవితంలో మొదటిసారి మా అక్క నన్ను నమ్మింది. నమ్మి, నేను నిజం చెబుతుంటే వినడం లేదు. ఒట్టు పెట్టాను. సూది గురించీ పాత దుప్పటి గురించీ ఆమె కూతురు చెప్పిందంతా చెప్పాను. ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, "ఊరుకోవే పిచ్చిదానా" అంది. ఆ ఓదార్పుకి నాకు ఒళ్లు మండింది.

"ఏం చేస్తే నమ్ముతావు?"

"అక్కడే నిలబడి చెప్పు, చూద్దాం" అంది, ఎవరూ చెయ్యరన్న ధైర్యంతో.

కూడికకి ఇంకా వారం పైన ఉంది. నేను పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. "రేపు ఆడవాళ్లని పిలవాలండి. నేను సాక్ష్యం చెప్పాలి, ఆగేది కాదండి."

"అంత మంచి వార్తామ్మా?"

"కాదండి."

మర్నాడు అక్కనీ నన్నూ బావగారు చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కించారు. దారి పొడుగునా అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది, నా బిళ్లల మత్తులో. హాల్లో ముప్పైమంది దాకా చేరారు. మొన్నటి కథకి కొనసాగింపు ఏదో వినబోతున్నామని ముందుకి జరిగి కూర్చున్నారు.

లేచాను. లేచాక ఒక బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. కొల్లిపర చుట్టానికి గడ్డ తిరగబెట్టిందనీ, కీమో మానేసినందుకు మనిషి దక్కలేదనీ చెబితే సరిపోతుంది. అక్క భయపడి ఆస్పత్రికి వెళ్తుంది, నా పరువూ నిలుస్తుంది. శవపేటిక రంగుతో సహా ఆ కథంతా గొంతులోకి వచ్చేసింది. అప్పుడు అక్క ఒళ్లో పెట్టుకున్న చేతులు కనిపించాయి. కీమోకి గోళ్లు నల్లబడి ఉన్నాయి. రేపు ఇంకెవరైనా ఇంకో కథ చెబితే ఈ మనిషి దాన్నీ ఈ చేతులతోనే పట్టుకుంటుందనిపించింది.

"మొన్న నేను ఇక్కడ చెప్పింది అబద్ధమండి. కొల్లిపరలో నాకెవరూ లేరు. దురద బిళ్లతో గడ్డ కరగదు. హిస్టమిన్ సంగతి పెద్దవాళ్లు ఇంకా తేల్చలేదు, నేను తేల్చేశాను. మా అక్కకి మీరంతా ఏడ్చారు. నాకు ఎవరూ ఏడవలేదు. అది ఓర్చుకోలేక చెప్పాను. నా మాట పట్టుకుని ఆమె మందు మానేసింది."

ఇలాంటి దానికి స్తోత్రం చెప్పాలో వద్దో ఎవరికీ తెలియదు. వెనక వరసలోంచి ఒక ముసలావిడ, "అయ్యో, నేను చీరాలలో మా కోడలికి రెండు షీట్లు పంపించానే" అంది.

"ఆమెకేం జబ్బండి?"

"థైరాయిడమ్మా."

"వద్దని చెప్పండి."

పాస్టరమ్మగారు గొంతు సవరించుకున్నారు. "అయిపోయిందా అమ్మా?"

"అయిపోయిందండి."

స్తోత్రం పడలేదు. నా మెడ మీద, చెవుల వెనక దద్దులు లేస్తున్నాయి. అప్పుడు ముందు వరసలోంచి అక్క ఒక్కతే, తల ఎత్తకుండా, "స్తోత్రం" అంది. తర్వాత అందరూ అన్నారు.

బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ, "సోమవారం నువ్వు కూడా రా. ఆ దుప్పటి సంగతి నర్సమ్మని అడగాలి" అంది. బైబిలు కవరులోని షీట్లు తీసి నా సంచిలో పడేసింది.

సోమవారం గుంటూరులో నర్సమ్మ మా అక్క కూతురు చెప్పిన మాటే చెప్పింది, దుప్పటి లేకుండా. ముందు దురద సూది వేసింది, కాసేపాగి బాటిల్ తగిలించింది. అక్క కళ్లు మూసుకుంది. ఆ హడావిడిలో నేను రెండు రోజులుగా నా బిళ్ల వేసుకోనేలేదు. కుర్చీలో మెలికలు తిరుగుతుంటే నర్సమ్మ దగ్గరికొచ్చింది.

"మీకేమైందండి?"

నేను చెప్పబోయేలోపు అక్క కళ్లు తెరవకుండానే అంది. "దానికి చిన్నప్పట్నుంచీ ఉందమ్మా. చాలా బాధపడుతుంది. ముందు దానికేదైనా ఇవ్వండి."

సూది లేని చెయ్యి చాపి, నా వీపు మీద నాకు అందని చోట, రెండు రెక్కల మధ్య గోకడం మొదలుపెట్టింది. ఆ చోటు అమ్మకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. పెరట్లో గిన్నెలు తోముతూ చూసి ఉంటుంది.

మిగిలిన కీమోలన్నీ తారీఖు తప్పకుండా అయ్యాయి. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి చూపించుకుంటే చాలంటున్నారు. రేపల్లె కూడికలో ఆ రోజు ముచ్చట ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. "మీ అక్క ఎంత గొప్ప మనసమ్మా, ఒక్కతే స్తోత్రం అంది" అంటారు. "ముందు లేచి చెప్పింది నేనండి" అంటాను. "అవునులే అమ్మా" అని మళ్లీ అక్క దగ్గరికే పోతారు.

మొన్న బాపట్ల వెళ్తే అక్క స్కార్ఫు తీసేసి ఎదురొచ్చింది. జుట్టు మళ్లీ వచ్చింది. ఇదివరకు లేని ఉంగరాలు తిరిగి, నల్లగా, పదేళ్లు చిన్నదానిలా వచ్చింది. నేను నెలనెలా రంగు వేస్తున్న నా పిలకని సర్దుకున్నాను.

"ఎలా ఉందే?" అంది అద్దంలోంచి.

"ఏం బాగాలేదు" అన్నాను.

అక్క నవ్వింది. మేమున్నది గుడిలో కాదు.